మా మేనత్త ఎత్తెయ్యని దురాయి

పోయిన వారం మా పాలెంలో తుఫాను షెల్టరు మేడ మీద ఒక సభ జరిగింది. సభ అనకూడదట, శిక్షణ అనాలట. పట్నం నుంచి కారులో దిగిన ఒక అబ్బాయి, ఉప్పుగాలికి చొక్కా వీపుకు అతుక్కుపోయే మా ఊళ్ళో కోటు తొడుక్కుని, చెవికి తగిలించుకున్న మైకులో, ప్రతి మనిషికీ జీవితంలో ఒక స్పష్టమైన లక్ష్యం ఉండాలనీ, అది లేని బతుకు చుక్కాని లేని పడవలాంటిదనీ గంటసేపు చెప్పాడు. చుక్కాని సంగతి మావాళ్ళకు చెప్పడానికి అంత దూరం నుంచి రావాలా అని నాకు అప్పుడే ఒళ్ళు మండింది కానీ, మన ఈడువాళ్ళకు సభలో నోరు మూసుకుని కూర్చునే పాడు మర్యాద ఒకటి అలవాటైపోయింది కదా, కూర్చున్నాను. సముద్రం ఒడ్డున ఉండేవాళ్ళకు రేపటి ధ్యాస ఉండదనీ, ఇవాళ వల నిండితే ఇవాళే తిని పడుకుంటారనీ, అందుకే ఎక్కడివాళ్ళు అక్కడే ఉండిపోయారనీ నవ్వుతూనే అన్నాడు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అని పెద్దలు ఊరికే అనలేదు.

ఆ తర్వాత మైకు చేత్తో పట్టుకునేది ఒకటి తెప్పించి, వరసగా అందరినీ లేపి లక్ష్యం చెప్పమన్నాడు. పిల్లలు కలెక్టరవుతామన్నారు, పొదుపు సంఘం ఆడవాళ్ళు మిద్దె ఇల్లన్నారు, ఒకడు ఏకంగా విమానం కొంటానన్నాడు, అందరికీ చప్పట్లు కొట్టించాడు. చివరికి ముందు వరసలో కుర్చీ వేయించి కూర్చోబెట్టిన మా మేనత్త దగ్గరికి వచ్చాడు. మా మేనత్త అంటే మా నాన్న చెల్లెలు, ఎనభై దాటింది, మెడ కొంచెం పక్కకు వంగి ఉంటుంది, చెవులు మాత్రం ఇంకా చురుకు. పసిపిల్లను అడిగినట్టు ఆమె ముందు గొంతుక్కూర్చుని, అవ్వా, నీ జీవితంలో నువ్వేం కావాలనుకున్నావు అని అడిగాడు. ఆమె కాసేపు ఆలోచించింది. ఆమెను ఏదడిగినా అంతే, ఆలోచించే చెబుతుంది.

"నెల్లూరికి బస్సులో కూసోని పోవాలనుకున్నా నాయనా," అన్నది. "పోయినా."

మేడంతా ఒకటే నవ్వు. ఆ అబ్బాయి కూడా నవ్వి, చూశారా, లక్ష్యం చిన్నదైతే జీవితమూ చిన్నదైపోతుంది, పెద్దగా కలలు కనాలి అని పిల్లలకు ఉపదేశం చేసి, మైకు పక్క కుర్చీకి ఇచ్చేశాడు. నేను లేచి ఏదో అనేలోపల అందరినీ కళ్ళు మూసుకుని తలా ఒక కారును ఊహించుకోమంటున్నాడు. ఇంటికి వస్తూ దారిలో నా చెయ్యి పట్టుకుని మేనత్త, "వాళ్ళెందుకు నవ్వినారే?" అని అడిగింది. ముప్పై ఏళ్ళకు దగ్గరగా కండక్టరు ఉద్యోగం చేసి, ఎంతమంది ప్రయాణికులకు ఎన్ని రకాలుగా జవాబు చెప్పానో లెక్కలేదు, ఆ ఒక్క ప్రశ్నకు మాత్రం, దారి చూసి నడువత్తా అని మాట మార్చేశాను. అప్పుడు చెప్పలేనిది ఇప్పుడు రాస్తున్నాను.

మీలో నా ఈడువాళ్ళు, ముఖ్యంగా ఈ నెల్లూరు రేవు పల్లెలవాళ్ళు ఉంటే, అప్పటి చేపల గంపలు మీకు గుర్తుండే ఉంటాయి. మైపాడుకు పైన, సరుగుడు తోపు దాటితే మా పాలెం. తెల్లారకముందే తెప్పలు ఒడ్డెక్కేవి, మగవాళ్ళు వలలు దులిపి ఇసుకలోనే వాలిపోయేవాళ్ళు, అక్కడితో వాళ్ళ పని అయిపోయేది, ఆడవాళ్ళ పని మొదలయ్యేది. చేప మెత్తబడకముందే నెల్లూరు వీధుల్లో కేక వేయాలి. అందుకని తలమీద చుట్టగుడ్డ, దాని మీద తడి గంప, ఆ గంపలో కానాగంత చేపలో నెత్తళ్ళో వేసుకుని అంత దూరమూ నడిచిపోయేవాళ్ళు. దాన్ని నడక అని కూడా అనడానికి లేదు, పరుగుకు కాస్త తక్కువ అంతే. గంపలోంచి కారే నీళ్ళు చెవుల వెనకగా మెడ మీదికి, వీపు మీదికి దిగుతూనే ఉండేవి, వాళ్ళ రవికెలు ఎండినా ఉప్పు కట్టి బిరుసుగా ఉండేవి. మా మేనత్త మెడ ఇవాళ అట్లా వంగి ఉందంటే అది ముసలితనం వంచింది కాదు.

బస్సు లేదా అంటే ఉంది. బ్రహ్మాండంగా ఉంది. పొద్దున్నే మైపాడు నుంచి నెల్లూరు పోయే ఎర్రబస్సు మా మలుపు దగ్గర ఆగేది. నాగరికం తెలియనివాళ్ళను ఎర్రబస్సెక్కి వచ్చావా అని పట్నంవాళ్ళు వెటకారం చేస్తుంటారే, గంప ఉన్న మా ఆడవాళ్ళను ఆ ఎర్రబస్సు కూడా ఎక్కనివ్వలేదు. వాసనట. అదే బస్సులో కాళ్ళు కట్టిన కోళ్ళు పోయేవి, మేకపిల్లలు పోయేవి, కిరసనాయిలు డబ్బాలు పోయేవి, చుట్ట కాల్చే పెద్దమనుషులు పోయేవాళ్ళు, వాళ్ళెవరికీ వాసన ఉండేది కాదు. ఎప్పుడైనా మంచివాడు కండక్టరుగా వస్తే వెనక తలుపు దగ్గర గంప పెట్టుకుని, దాని పక్కనే కింద గొంతుక్కూర్చుని పోనిచ్చేవాడు, టికెట్టు మాత్రం సీటులో కూర్చున్నవాళ్ళతో సమానంగానే తీసుకునేవాడు. దానికే మా ఆడవాళ్ళు ఆయన్ను దేవుడిలాంటి మనిషని నెల రోజులు చెప్పుకునేవాళ్ళు.

నేను అప్పుడు దారిలో ఉన్న హైస్కూల్లో పదో తరగతి. మా పాలెంలో ఆడపిల్ల అంతవరకు చదవడం అదే మొదలు, చదివించింది కూడా మేనత్తే, ఆమెకు పిల్లలు లేరు, మా ఎదురిల్లే ఆమె కాపురం, నా మీద అమ్మకన్నా ఆమెదే పెత్తనం. పుస్తకాల సంచితో నేను బస్సెక్కేదాన్ని, గంపతో ఆమె నడిచి వచ్చేది, దారిలో ఆమెను దాటిపోతుంటే కిటికీలోంచి చెయ్యి ఊపేదాన్ని. ఒక పొద్దున ఆమెకు ఒంట్లో బాగాలేదు. జ్వరంగా ఉండి నడవలేక, మలుపు దగ్గర బస్సు ఆగగానే గంప తీసి ఫుట్‌బోర్డు మీద పెట్టింది. పైకి ఎక్కించలేదు, ఊరికే పెట్టి, ఒక్క రోజుకు పోనియ్యమని అడుగుతోంది. కండక్టరు కాలితో తోశాడు. గంప రోడ్డు మీద దొర్లి, నెత్తళ్ళన్నీ దుమ్ములో పడ్డాయి. డబల్ బెల్లు కొట్టాడు, బస్సు కదిలింది. లోపల నేను సీటులో ఉన్నాను. వెనక అద్దంలోంచి చూస్తే, ఆమె రోడ్డు మీద కూర్చుని చేపలు ఏరి పమిటతో తుడిచి గంపలో వేసుకుంటోంది, మా బస్సులో జనం నవ్వుతున్నారు. మొన్న షెల్టరు మేడ మీద విన్న నవ్వు నాకు కొత్తది కాదు, అదే నవ్వు.

ఆ సాయంత్రం మా కాపులు కూర్చున్నారు. కాపులంటే ఇక్కడ కులం కాదు, మా రేవు పల్లెల్లో ఊరి పెద్దలను అట్లా అంటారు, అందులో మా నాన్న ఒకడు. కాపులు కూర్చుని ఒక కట్టడి చేస్తే దాన్ని దురాయి అంటాం. దురాయి పడిందంటే పోలీసు అక్కర్లేదు, కాగితం అక్కర్లేదు, ఫలానా రోజు వేటకు పోకూడదంటే ఒక్క తెప్ప కూడా ఒడ్డు దిగదు. మీరిన ఇంటికి పలకరింపు ఉండదు, పెళ్ళికి పిలుపు ఉండదు, చావుకు మోసేవాళ్ళు కూడా రారు. ఆడవాళ్ళ గంపలు ఎక్కించుకునేదాకా మా పాలెంవాళ్ళెవరూ ఆ బస్సు ఎక్కకూడదని ఆ రోజు దురాయి పెట్టారు. ఆ మాట విని మేనత్త ఏడ్చింది. జ్వరంలో ఉన్నది కూడా లేచి వచ్చి తోపు చివర నిలబడి, తనకోసం ఊరు ఊరంతా ఒక మాట మీద నిలిచిందని మురిసిపోయింది. ఆ ముఖం నాకు బాగా గుర్తు, అందుకే తర్వాత జరిగినదానికి నేను మా నాన్నను కూడా క్షమించలేదు.

మొదట్లో పండగలాగే ఉండేది. బస్సు వచ్చి మలుపులో ఆగేది, హారన్ కొట్టేది, ఒక్కరూ ఎక్కేవాళ్ళు కాదు, ఖాళీ సీట్లతో పోయేది. కానీ అంతలోనే నా పరీక్షలు వచ్చిపడ్డాయి, సెంటరు నెల్లూరులో వేశారు. దురాయి అందరికీ ఒకటేననీ, కాపు కూతురే మీరితే రేపు ఎవరు వింటారనీ, చదువుదేముంది పై ఏడాది రాసుకోవచ్చనీ నాన్న తేల్చేశాడు. పై ఏడాది నాకు పుస్తకాలు ఉండవనీ పెళ్ళి ఉంటుందనీ ఇంట్లో అందరికీ తెలుసు, నాకూ తెలుసు. మేనత్త గడప దగ్గర నిలబడి విన్నది.

"దురాయి బస్సుకి గదన్నా, బడికి గాదే," అన్నది. "నేను నడిచేది నడిచేదే, పిల్లను నాతో తీసకపోతా."

తీసుకుపోయింది. ఆమె గంప నెత్తిన పెట్టుకుని ముందు, నేను సంచి భుజాన వేసుకుని వెనక. నెల్లూరులో ఆమె వాడుకగా చేపలు పోసే ఇంటి ఇల్లాలు ఒకామె, పరీక్షలన్నాళ్ళూ నన్ను వాళ్ళ వరండాలో పడుకోనిచ్చింది. మేనత్త రోజూ పొద్దున పాలెం నుంచి నడిచి వచ్చి, నాకు అమ్మ కట్టిచ్చిన సద్ది ఇచ్చి, కేకలు వేస్తూ వీధుల్లోకి పోయి, తిరిగి సాయంత్రం ఒకసారి నా ముఖం చూసి, మళ్ళీ నడిచి పోయేది. పరీక్ష ఎట్లా రాశావని ఆమె ఎప్పుడూ అడగలేదు. కడుపు నిండా తిన్నావా అని మాత్రం అడిగేది.

ఆఖరి పరీక్ష అయిపోయిన రోజు ఇద్దరం కలిసి తిరుగుముఖం పట్టాం. సగం దారి దాటామో లేదో వెనక బస్సు చప్పుడు వినిపించింది. పక్కకు జరిగి చూద్దును కదా, బస్సు టాపు మీద వలల మూటలు తాళ్ళతో కట్టి ఉన్నాయి, కిటికీల్లో మా పాలెం మగవాళ్ళే. మా చినమామ ఒకాయన తల బయటపెట్టి ఆపించి, దురాయి ఎత్తేశాం, ఎక్కండి ఎక్కండి అని సంబరంగా పిలిచాడు. మేనత్త ఖాళీ గంప దించకుండానే నిలబడి, "గంపను ఎక్కిస్తారా?" అని అడిగింది. గంపల సంగతి మెల్లిగా చూద్దామన్నారు, ముందు వలలకు ఒప్పుకున్నారు, ఇప్పుడు నెల్లూరులో వల బాగుచేయించుకుని బస్సు మీదే తెచ్చుకోవచ్చు అని ఆయన గొప్పగా చెప్పాడు. ఆమె ముందుకు నడిచింది. నేను ఫుట్‌బోర్డు వైపు చూసి, ఆమె వైపు చూసి, ఆమె వెనకే నడిచాను. నా చెప్పు తెగి ఉంది, అయినా నడిచాను.

అసలు జరిగిందేమిటంటే, ఖాళీ బస్సు తిప్పలేక బస్సువాళ్ళు మాటలకు వచ్చారు. గొడవ వచ్చింది ఆడమనిషి దుమ్ములో చేపలు ఏరుకున్నందుకు, తీరా మాటలకు కూర్చున్నది మాత్రం మగవాళ్ళు. ఒక్క ఆడమనిషినీ పిలవలేదు. వలలు టాపు మీద వేసుకుంటామని బస్సువాళ్ళు అనగానే మా కాపులు తలలు ఊపి, పొగాకు నములుకుంటూ లేచి వచ్చేశారు. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, ఏరు దాటాక బోడి మల్లయ్య అన్నట్టు, ఎవరి గంప పేరు చెప్పి దురాయి పెట్టారో ఆ గంపను దారిలోనే దించేశారు. మా నాన్న మంచివాడు కాదని నేననను, తుఫానులో పరాయి తెప్పను కాపాడటానికి తన వల కోసేసిన మనిషి. అంతటి మనిషికి చెల్లెలి నెత్తి మీద బరువు కనబడలేదు. చూసి చూసి అలవాటైన బరువు కదా, అది ఆమె ఒంట్లో భాగమనుకున్నాడు కాబోలు.

ఆ సాయంత్రం మేనత్త మా వాకిట్లోకి వచ్చింది. గొడవ చేస్తుందనుకుని నాన్న ముందే గొంతు పెంచి, ఊరు ఎత్తేసిన దురాయిని ఇంక తిరగదోడవద్దన్నాడు. ఆమె గొంతు పెంచలేదు.

"ఎత్తేసింది మీరన్నా. నేనెత్తలేదు," అన్నది. "నా గంప ఎక్కిన్నాడే నేనెక్కేది. ఆపొద్దు కూడా కింద గొంతుక్కూసోను, సీట్లో కూసోనే నెల్లూరు పోతా."

నాన్న నవ్వాడు. "ఒక్క మనిషికి దురాయేందే?" అన్నాడు.

"నామీద నేను పెట్టుకున్నా," అని చెప్పి ఆమె తన ఇంటికి వెళ్ళిపోయింది. దురాయి అనేది ఊరు మొత్తం మీద ఊరి పెద్దలు పెట్టేదే కానీ, ఒక మనిషి, అందులో ఆడమనిషి, తన మీద తాను పెట్టుకోవడం మా ఒడ్డున ఎవరూ ఎరగరు. నాలుగు రోజులు అందరూ దాన్ని పెద్ద హాస్యంగా చెప్పుకున్నారు, తర్వాత మరచిపోయారు. ఆమె మరచిపోలేదు. మిగతా ఆడవాళ్ళు జ్వరమొచ్చిననాడు గంప మానుకుని ఖాళీ చేతులతో బస్సెక్కి ఆస్పత్రికి పోయివచ్చేవాళ్ళు, ఆమె అదీ చేయలేదు. సరుగుడు కట్టెల లారీలు తిరిగినన్నాళ్ళు లారీ మీద పోయింది, షేరు ఆటోలు వచ్చాక వెనక కాళ్ళు వేలాడేసుకుని పోయింది, ఏదీ దొరకనినాడు నడిచింది. బస్సు పావంచా మీద మాత్రం పాదం పెట్టలేదు.

ఇప్పుడు మీరు చెప్పండి, స్పష్టమైన లక్ష్యమంటే ఇదేగా? ఏం కావాలో తెలుసు, ఎందుకు కావాలో తెలుసు, దానికోసం ఏం వదులుకోవాలో తెలుసు, వదులుకుంది. కోటు తొడుక్కుని వచ్చినవాడు గంటసేపు చెప్పినదాంట్లో ఇంతకన్నా ఏముంది? విమానం కొంటానన్న కుర్రవాడు రేపటికి ఆ మాట మరిచిపోతాడు, వాడికి చప్పట్లు. ఇరవై ఏళ్ళకు దగ్గరగా ఒక మాట మీద నిలబడినామెకు నవ్వు. మనకు కొలతలే తారుమారయ్యాయి, దేన్ని పెద్దదనాలో దేన్ని చిన్నదనాలో తెలియకుండా పోయింది.

నా సంగతీ ఆ రోడ్డు మీదే తేలింది. తెగిన చెప్పుతో ఆమె వెనక నడుస్తూ, ఆ టికెట్ల పెట్టె చేతిలో ఉన్నవాడిదే కదా ఈ పెత్తనమంతా, ఆ పెట్టె నేనే పట్టుకుంటాను అనుకున్నాను. ఇంటికి వచ్చి చెబితే అమ్మ, ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికి ఎగిరిందట అన్నది. అనదూ మరి, అప్పటికి ఆడ కండక్టరు అనే మనిషిని మేమెవరం కంటితో చూడలేదు, లేని ఉద్యోగం మీద ఆశ పెట్టుకున్నదాన్ని నేను. పది పాసయ్యాను, పెళ్ళయింది, ఇద్దరు పిల్లలు పుట్టారు, మా ఆయన పనిచేసే ఐసు ఫ్యాక్టరీ పక్కన చిన్న అంగడి పెట్టుకున్నాం. ఆ అంగడిలో కూర్చుని కూడా పోయే ప్రతి బస్సునూ చూస్తూనే ఉన్నాను. ఆడవాళ్ళను కండక్టర్లుగా తీసుకుంటున్నారని తెలిసేనాటికి నాకు వయసు దాటిపోతుందేమోనన్న గుబులు. పిల్లల తల్లివి, మగవాళ్ళ మధ్య తోసుకుంటూ టికెట్లు కొడతావా, నలుగురూ ఏమనుకుంటారు అని మా వాళ్ళంతా ఒక్కొక్కరుగా వచ్చి బుద్ధి చెప్పారు. మేనత్త ఒక్కతే ఏమీ చెప్పలేదు. ఉద్యోగం వచ్చిన రోజు మాత్రం, మైపాడు బస్సు మీద ఎప్పుడేస్తారు అని అడిగింది.

వెయ్యడానికి చాలా నెలలు పట్టింది. వేసిన రోజు పొద్దున మలుపు దగ్గర బస్సు ఆపించాను. మేనత్త నిలబడి ఉంది, ఉతికిన చీర కట్టుకుంది, వెదురు గంప లేదు. కొత్త సత్తు బేసిను, దాని మీద గట్టిగా కట్టిన తడిగుడ్డ, అడుగున మడతపెట్టిన గోనెసంచి. ఒక్క చుక్క కారినా మాట నా మీదికి వస్తుందని ఆమె ముందే ఆలోచించుకుని పెట్టుకుంది. బేసిను నేనే అందుకుని ముందు సీటు దగ్గర కింద పెట్టాను, పాదాలు దానికి ఒక పక్కగా ఒదిగించి ఆమెను ఆ సీటులో కిటికీ పక్కన కూర్చోబెట్టి, ఆమెకొక టికెట్టు, బేసినుకు లగేజీ టికెట్టు కొట్టాను. ఆ రెండు టికెట్లూ ఆమె అరచేతిలో పెట్టుకుని చూస్తూ ఉండిపోయింది. నేను తర్వాతివాళ్ళకు చిల్లర తప్పుగా ఇచ్చాను.

రెండు స్టాపులు దాటగానే ఇస్త్రీ బట్టల పెద్దమనిషి ఒకాయన ఎక్కి ఆమె పక్కన కూర్చుని, బేసిను చూసి గభాలున లేచాడు. తడి సామాను ఎక్కించకూడదని రూలు ఉందా లేదా, దాన్ని వెనక్కు పంపుతావా లేదా అని నా మీద గుడ్లురిమాడు. నేను జవాబు చెప్పేలోపలే మేనత్త సీటులోంచి లేచి, బేసిను పక్కన కిందికి కూర్చోబోతోంది. అదే నాకు తల తిరిగినంత కోపం తెప్పించింది. ఆయన మాట కన్నా, అంత పట్టుదల మనిషి ఒళ్ళు అంత తేలిగ్గా అలవాటుగా కిందికి వంగడం చూసి అరికాలి మంట నెత్తికెక్కింది.

"అత్తా, లేసినావంటే బస్సు కదల్దు," అన్నాను. ఓల్డాన్ అని కేక పెట్టి, దారిలో ఒక సరుగుడు తోపు పక్కన బస్సు ఆపించేశాను. ఆమె టికెట్టు కొన్నది, ఆమె కూర్చుంటే తప్ప రైట్ చెప్పనని అందరూ వినేటట్టు చెప్పాను. జనం గొణిగారు, టైమవుతోందన్నారు, కొందరు నన్ను తిట్టారు కూడా. డ్రైవరు ఇంజను ఆపి, తాపీగా వెనక్కు తిరిగి, "సారూ, మీరు మధ్యాన్నం తినబొయ్యేది ఆ చేపలే గదా, కూసోండి," అన్నాడు. బస్సు నవ్వింది. ఈసారి నవ్వు ఆమె మీద కాదు. ఆయన వెనక సీటుకు పోయాడు, మేనత్త మళ్ళీ కిటికీ పక్కన కూర్చుంది, నెల్లూరు దాకా కూర్చునే పోయింది.

ఆ పెద్దమనిషి ఊరుకోలేదు. నాకు సంజాయిషీ అడిగారు, రాశాను, సరిపోలేదు, మైపాడు రూటు తీసేసి సూళ్లూరుపేట వైపు వేశారు. ఎన్నో ఏళ్ళ కల నాకు కొద్ది రోజుల్లోనే తీరి చేజారింది. కానీ మా ఆడవాళ్ళు గట్టివాళ్ళు. మర్నాటి నుంచి బేసిన్లు కొనుక్కుని వరసగా నిలబడి, వచ్చిన ప్రతి కొత్త కండక్టరుకూ, మా పిల్ల కొట్టిందే టికెట్టు, నువ్వు కొట్టేదానికేం అని అడిగి ఎక్కడం మొదలుపెట్టారు. దించాలని చూసినవాళ్ళు చూశారు, విసిగి మానుకున్నారు. కాపులు వలలకు అమ్ముకున్న మాటను ఆడవాళ్ళు ఎవరి దురాయి లేకుండానే తిరిగి తెచ్చుకున్నారు. మా నాన్న చివరి రోజుల్లో ఒకసారి చెల్లెలితో కలిసి అదే బస్సులో ఆస్పత్రికి పోయాడు. బేసిను ఆయన కాళ్ళ దగ్గరే ఉందట. ఆయన ఏమీ అనలేదని మేనత్త చెప్పింది, తప్పయిందని ఒక్క మాటైనా అనాలనే నాకు ఉండేది.

ఇవాళ ఆ రూటులో గంపా లేదు, బేసినూ లేదు. చేప ఒడ్డుకు రాకముందే ఐసు పెట్టెలు పెట్టుకున్న వ్యాన్లు ఇసుక దాకా దిగి ఉంటాయి, వేలంపాట ఫోనులోనే అయిపోతుంది, సొర, వంజరం, చందువ అన్నీ మా కళ్ళముందే మద్రాసు దారి పడతాయి. మా ఆడవాళ్ళు నెల్లూరు పోయేది మందులకూ, పిల్లల కాలేజీలకూ. ఆడవాళ్ళకు బస్సులో ఇప్పుడు డబ్బులు కూడా అక్కర్లేదు. మంచిదే, నేను కాదనను, కానీ ఆ సీటు ఎవరో ఇచ్చారనుకునే పిల్లలను చూస్తే ఉక్రోషం వస్తుంది. దాని వెనక ఎన్నేళ్ళ మెడనొప్పి ఉందో వాళ్ళకెవరూ చెప్పరు, చెప్పాల్సినవాళ్ళు మైకులు పట్టుకుని కార్లు ఊహించుకోమంటున్నారు.

సభ అయిన మూడో రోజు మేనత్త మెడకు మందు తేవాలని ఇద్దరం బస్సెక్కాం. కండక్టరు ఇరవై ఏళ్ళ పైబడిన అమ్మాయి, చలాకీగా ఉంది, నవ్వుతూ మిషనులోంచి ఉత్త టికెట్టు చింపి ఇచ్చింది. మేనత్త రొంటిన దోపుకున్న డబ్బులు తీసి ఇయ్యబోతే వద్దవ్వా అన్నది. ఎందుకొద్దో మేనత్తకు అర్థం కాలేదు, కాసేపు ఆ డబ్బులు అట్లాగే చేతిలో పట్టుకుని కూర్చుంది. ముందు సీటు, కిటికీ పక్కన ఆమె, ఈ పక్క నేను. బస్సులో పెద్దగా జనం కూడా లేరు. ఆ అమ్మాయి పోతూ పోతూ ఆగి, "అవ్వా, కాళ్ళు ముడుచుకోని కూసున్నావేంది, ముందర అంత చోటుంది, చాపుకో," అన్నది.

"ఉండనీ బిడ్డా," అన్నది మేనత్త.

ఆమె పాదాలు రెండూ ఒక పక్కకు ఒదిగి, గోడకు ఆనించి ఉన్నాయి. సీటు ముందు బేసిను పట్టేంత చోటు ఖాళీగా ఉంది. ఆ చోటు దేనిదో ఆ అమ్మాయికి తెలియదు, తెలిసే దారీ లేదు. నాకు తెలుసు కాబట్టి నా కాళ్ళు కూడా పక్కకు తీసుకున్నాను, నెల్లూరు దాకా ఇద్దరం అట్లాగే కూర్చుని పోయాం.